పెరియో ప్రాక్టికల్ కేసు: స్టేజ్ 3నా, 4ఆ? ఫ్లాప్ ఎప్పుడు రాయాలి?

దేవరకొండ పోరడు
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మొన్న మా బీడీఎస్ ప్రీఫైనల్ ప్రాక్టికల్‌లో పెరియో (చిగుళ్ళ జబ్బుల విభాగం) కేసు దగ్గర బాగా దెబ్బతిన్నాను. ఇంకో నెలలో అసలు పరీక్ష ఉంది, అందుకే కేసు మొత్తం ఇక్కడ పెడుతున్నాను, ఎక్కడ తప్పానో మొహమాటం లేకుండా చెప్పండి.

పేషెంట్ వయసు 46, మగ, హమాలీ పని. రోజుకు 15 బీడీలు, ఇరవై ఏళ్ళ నుంచి. బొగ్గుపొడి, వేలు, అంతే, బ్రష్ అలవాటు లేదు. వచ్చిన బాధ ఆయన మాటల్లోనే: "కింది ముందర పండ్లు ఊగుతున్నయి సారూ, మక్కకంకి కొరకొస్తలేదు." 31 (పంటి నంబర్ల లెక్కలో కింది ఎడమ మధ్య పన్ను) రెండేళ్ళ కింద దానంతట అదే ఊడిపోయిందట. దాని పక్కనున్న 41, 42, 32 గ్రేడ్ 2 కదలిక. పై ముందు పళ్ళు బయటికి జరిగి మధ్యలో 3 మి.మీ. సందు వచ్చింది, పెళ్ళినాటికి ఆ సందు లేదంటున్నాడు. 36, 46 (కింది ఎడమ, కుడి మొదటి మోలార్లు, అంటే దవడ పళ్ళు) దగ్గర పళ్ళ మధ్య పాకెట్ (చిగురుకూ పంటికీ మధ్య గుంట లోతు) 6, 7 మి.మీ., అక్కడే రిసెషన్ (చిగురు దిగిపోవడం) 2 మి.మీ., 46 బుగ్గ వైపు ఫర్కేషన్ (వేర్లు చీలే చోట ఎముక పోవడం) గ్రేడ్ 2. మిగతా పళ్ళు ఎక్కువగా 4, 5. ఓపీజీలో (దవడ మొత్తం కనిపించే ఎక్స్‌రే) మోలార్ల దగ్గర ఎముక దాదాపు సగం పోయింది. ఇంత ఉన్నా ప్రోబ్ (పాకెట్ కొలిచే సన్న కడ్డీ) పెడితే రక్తం మాత్రం పెద్దగా రాలేదు.

నేను రాసింది "క్రానిక్ జనరలైజ్డ్ పీరియడాంటైటిస్" (పంటి చుట్టూ ఎముక కరిగిపోయే చిగుళ్ళ జబ్బు). ప్లాన్‌లో స్కేలింగ్ (గార తీయడం), రూట్ ప్లేనింగ్ (చిగురు కింద వేరును గీకి శుభ్రం చేయడం), ఫ్లాప్ సర్జరీ (చిగురు కోసి లేపి లోపల శుభ్రం చేయడం), బోన్ గ్రాఫ్ట్ (ఎముక గుంటలో ఎముక పదార్థం నింపడం), మెయింటెనెన్స్ అని వరుసగా రాశాను. ఎగ్జామినర్ మూడే అడిగారు. స్టేజ్ (జబ్బు ఎంత ముదిరింది) ఎంత, గ్రేడ్ (ఎంత వేగంగా ముదురుతోంది) ఎంత, ఫ్లాప్ చేయాలని ఈ రోజే నీకెలా తెలిసింది? టెన్షన్‌లో నోరు పెగల్లేదు.

జడ్చర్ల జంక్షన్
ఆదివారం, రాత్రి 10:15

తమ్ముడూ, మొదటి తప్పు పేరులోనే ఉంది. క్రానిక్, అగ్రెసివ్ అనే విభజన 1999 వర్గీకరణది. 2017 వరల్డ్ వర్క్‌షాప్‌లో రెండింటినీ కలిపి ఒక్క పీరియడాంటైటిస్ చేశారు, 2018లో అది అచ్చయింది, అప్పటి నుంచి స్టేజ్, గ్రేడ్ పెట్టి రాయాలి. చేతులు మారుతూ వచ్చే జిరాక్స్ నోట్సుల్లో ఇంకా పాతదే ఉంటుంది, నేనూ ఇంటర్న్‌షిప్‌కు వచ్చేదాకా అదే చదివాను.

నా లెక్కలో ఇది స్టేజ్ 3. పాకెట్ 7, రిసెషన్ 2, కలిపితే అటాచ్‌మెంట్ లాస్ (పంటిని పట్టి ఉంచే కణజాలం ఎంత పోయింది అన్న లెక్క) 9 మి.మీ. పళ్ళ మధ్య 5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే 3 లేదా 4. ఈ జబ్బు వల్ల పోయిన పళ్ళు 4 దాకా అయితే స్టేజ్ 3, ఐదు గానీ ఇంకా ఎక్కువ గానీ పోతే 4. ఈయనకు ఒక్కటే పోయింది కాబట్టి 3. గ్రేడ్ బి పెడతాను, పట్టికలో సిగరెట్ల లెక్కే ఉంది, ఈయనవి బీడీలు కదా.

నీట్ రెండోసారి
ఆదివారం, రాత్రి 10:32

గ్రేడ్ బి కాదన్నా, సి. బీడీ సంగతి కాసేపు పక్కన పెట్టండి, ఎముక లెక్క చూడండి. బాగా దెబ్బతిన్న చోట ఎముక నష్టం శాతాన్ని వయసుతో భాగించాలి. 50ని 46తో భాగిస్తే 1 దాటింది. 0.25 కన్నా తక్కువైతే ఏ, 0.25 నుంచి 1 దాకా బి, 1 దాటితే సి. అంటే బీడీ ముట్టనివాడైనా ఈయన సి యే. అయితే "దాదాపు సగం" అంటున్నాడు కాబట్టి 45 శాతమే ఉంటే 1 దాటదు, ఓపీజీ మీద కళ్ళతో అంచనా వేయకుండా ఆ పంటికి ఐఓపీఏ (ఒకటి రెండు పళ్ళకే తీసే చిన్న ఎక్స్‌రే) తీసి కొలవాలి.

స్టేజ్ మీద మాత్రం నాకూ అనుమానంగానే ఉంది. ఆ పై పళ్ళ సందు ఊరికే రాలేదనిపిస్తోంది.

పెరియో అక్క
ఆదివారం, రాత్రి 11:20

క్లినిక్ మూసి ఇంటికొచ్చి చూశాను. కేసు బాగా రాశావు తమ్ముడూ, డయాగ్నోసిస్‌కు కావలసినవన్నీ నీ నోట్స్‌లోనే ఉన్నాయి, వాటిని నువ్వే వాడుకోలేదు.

స్టేజ్ 4 అని రాయి. జడ్చర్ల తమ్ముడు పళ్ళ సంఖ్య దగ్గర ఆగిపోయాడు. 3, 4 స్టేజ్‌ల మధ్య తేడా తేల్చేది అటాచ్‌మెంట్ లాస్ కాదు, అది రెండింటిలోనూ 5 నుంచే మొదలవుతుంది. తేల్చేది కేసు ఎంత చిక్కుపడింది అన్నది. కదలిక గ్రేడ్ 2 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండటం, పళ్ళు జరిగిపోవడం, బయటికి విచ్చుకోవడం, బైట్ కూలిపోవడం, నమల్లేకపోవడం, నోట్లో 20 కన్నా తక్కువ పళ్ళు మిగలడం, ఇవన్నీ 4 వైపు లాగుతాయి. ఇవన్నీ ఉండనక్కర్లేదు, మామూలుగా ఒక్కటి ఉన్నా పై స్టేజ్‌కు పోతుంది. ఈయనకు మూడు పళ్ళు గ్రేడ్ 2, పైవి విచ్చుకున్నాయి, కంకి కొరకలేకపోతున్నాడు. ఆ ఒక్క మాట నువ్వు పేషెంట్ నోటి నుంచే రాసుకున్నావు, అదే నీ డయాగ్నోసిస్‌కు బలం.

ఒక్క జాగ్రత్త ఉంది. ఒకే పన్ను ఊగుతోంది, అది కూడా చీము పట్టి వాపు మీద ఉంది అనుకో, వెంటనే 4 అనకండి. వాపు తగ్గాక కదలిక కొంత తగ్గుతుంది. పై పళ్ళను వేలితో ముట్టుకుని, పళ్ళు కలిపి కొరకమంటే పన్ను అదిరిందా అని ఫ్రెమిటస్ చూసి రాయాలి, నువ్వు అది రాయలేదు. అది ఉంటే సెకండరీ అక్లూజల్ ట్రామా (ఎముక తగ్గిన పంటికి కొరుకుడు బరువే దెబ్బ కావడం) అని ధైర్యంగా చెప్పొచ్చు.

విస్తృతి సంగతి, దెబ్బతిన్న పళ్ళు 30 శాతం లోపైతే లోకలైజ్డ్, దాటితే జనరలైజ్డ్. స్టేజ్ నోటి మొత్తానికి ఒక్కటే, పంటికొక స్టేజ్ పెట్టేవాళ్ళను నేను వైవాలో చాలామందిని చూశాను.

బీడీ గురించి నా అభిప్రాయం గట్టిగా చెబుతాను. పట్టికలో రోజుకు 10 లోపు సిగరెట్లైతే బి, 10 నుంచి పైకి సి. బీడీ ఆకులో చుట్టింది కాబట్టి తక్కువ అనే మాట ఎక్కడా లేదు. "రోజుకు 15 బీడీలు" అని ఉన్నదున్నట్టు రాసి గ్రేడ్ సి పెట్టు, అడిగితే కారణం చెప్పు. రక్తం రాకపోవడానికీ అదే కారణం. పొగాకు చిగురు ఎరుపునీ రక్తస్రావాన్నీ అణచిపెడుతుంది, పైకి చిగురు గట్టిగా, లేత రంగులో ఉండి లోపల 7 మి.మీ. పాకెట్ ఉంటుంది. మా వైపు పల్లెల నుంచి వచ్చే మగవాళ్ళలో ఇది రోజూ చూస్తాను. రక్తం రాలేదని జబ్బు లేదనుకుంటే మోసపోతాం.

దేవరకొండ పోరడు
సోమవారం, ఉదయం 6:50

అక్కా, చాలా థాంక్స్. ఫ్రెమిటస్ అసలు చూడలేదు. స్టేజ్, గ్రేడ్ అర్థమయ్యాయి. మూడో ప్రశ్న మిగిలింది. 7 మి.మీ. పాకెట్‌కు స్కేలింగ్ సరిపోదు కదా, చివరికి ఫ్లాపే చేస్తారు కదా, మరి ముందే రాస్తే తప్పేంటి?

పాలమూరు డాక్టర్
సోమవారం, ఉదయం 8:05

బిడ్డా, నేను జనరల్ ప్రాక్టీస్ మనిషిని, పెరియో స్పెషలిస్టును కాను, కానీ ఈ ప్రశ్నకు జవాబు నాకు పేషెంట్లే నేర్పారు.

నువ్వు ప్రోబ్ పెట్టిన రోజు చిగురు వాచి ఉంది, లోపల గార ఉంది, ప్రోబ్ వాచిన కణజాలంలోకి కొంచెం ఎక్కువే దిగుతుంది. శుభ్రం చేశాక వాపు తగ్గి చిగురు కిందికి దిగుతుంది, లోపల అతుక్కుంటుంది. పుస్తకాల సగటు ఏమంటే, రూట్ ప్లేనింగ్ తర్వాత 4 నుంచి 6 మి.మీ. పాకెట్లు 1 మి.మీ.కు కాస్త పైన తగ్గుతాయి, 7, ఆపైన ఉన్నవి 2 మి.మీ.కు కాస్త పైన తగ్గుతాయి. ఆ లెక్కన నీ పేషెంట్‌కు ఉన్న 5లు చాలావరకు 4కు వస్తాయి, వాటికి కత్తి అక్కర్లేదు. 7 ఉన్నచోట 5 దగ్గర ఆగొచ్చు, ఆగకపోవచ్చు. ఏది ఆగింది, ఏది ఆగలేదు అన్నది 4 నుంచి 6 వారాల తర్వాత మళ్ళీ ప్రోబ్ పెడితేనే తెలుస్తుంది. ఆ రీఎవాల్యుయేషన్ నీ ప్లాన్‌లో లేనే లేదు, అందుకే ఆయన అలా అడిగారు.

ఇంకో కారణం మనిషికి సంబంధించింది. వేలితో బొగ్గుపొడి రుద్దుకునే ఆయన ఈ నెలా నెలన్నరలో బ్రష్ పట్టాడా, బీడీలు తగ్గించాడా అన్నది చూడకుండా ఫ్లాప్ లేపి గ్రాఫ్ట్ పెడితే అది నిలవదు. ఆయన కూలి డబ్బులు పోతాయి, నమ్మకం పోతుంది. మన దగ్గర ఇప్పటికే "కడిగిస్తే పండ్లు లూజైతయి" అనే భయం ఇంటింటా ఉంది. పళ్ళ మధ్య గట్టిపడిన గారే పళ్ళను పట్టి ఉంచినట్టు ఉంటుంది, అది తీసేసరికి లోపల ఎప్పుడో పోయిన ఎముక సంగతి బయటపడుతుంది. ఈ మాట స్కేలింగ్‌కు ముందే చెప్పాలి, తర్వాత చెబితే సాకులా వినిపిస్తుంది. నేను మొదటి రెండేళ్ళు చెప్పలేదు, ఒక ముసలమ్మ నాతో పోట్లాడి పోయింది, మళ్ళీ రాలేదు. ఆమె మిగతా పళ్ళు ఏమయ్యాయో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

పెరియో అక్క
సోమవారం, మధ్యాహ్నం 1:30

సార్ చెప్పినదానికి పరీక్షలో రాసే రూపం ఇస్తాను. 2020లో వచ్చిన యూరోపియన్ మార్గదర్శకం చికిత్సను నాలుగు మెట్లు చేసింది. మొదటిది అలవాట్లు, పొగాకు, షుగర్, పైన కనిపించే గార. రెండోది చిగురు కింద శుభ్రం చేయడం. తర్వాత రీఎవాల్యుయేషన్. మూడోది మిగిలిపోయిన చోట్లకే: 4, 5 మి.మీ. మిగిలి రక్తం వస్తే మళ్ళీ శుభ్రం చేయడం, 6 గానీ ఎక్కువ గానీ మిగిలితే సర్జరీ ఆలోచన. నాలుగోది జీవితాంతం మెయింటెనెన్స్. అది స్టేజ్ 1 నుంచి 3 వరకు రాసింది, స్టేజ్ 4కు 2022లో వేరే వచ్చింది, అందులో కదిలే పళ్ళకు స్ప్లింట్ (పక్క పళ్ళతో కలిపి కట్టడం), జరిగిన పళ్ళకు ఆర్థో (తీగలతో సరిచేయడం), పోయిన పళ్ళకు కట్టుడు పళ్ళు కూడా కలుస్తాయి. మెట్ల వరుస అదే.

సర్జరీకి పోతే ఏది అన్నది ఎముక ఆకారం చెబుతుంది. ఎముక అంతా సమంగా కిందికి దిగి ఉంటే గ్రాఫ్ట్‌కు పట్టే చోటే ఉండదు, యాక్సెస్ ఫ్లాప్ చాలు. 3 మి.మీ. లేదా ఎక్కువ లోతు నిలువు గుంట ఉండి చుట్టూ గోడలు ఉంటే రీజనరేషన్ (పోయిన ఎముక మళ్ళీ పెరిగేలా చేయడం), మూడు గోడలుంటే ఫలితం బాగుంటుంది. కింది మోలార్ బుగ్గ వైపు గ్రేడ్ 2 ఫర్కేషన్ కూడా రీజనరేషన్‌కు మంచి కేసే. పూర్తిగా అవతలికి పోయిన గ్రేడ్ 3 అయితే టనలింగ్ (వేర్ల మధ్య శుభ్రం చేసుకునేలా దారి తెరవడం), కింది పంటికి హెమీసెక్షన్ (పంటిని రెండుగా కోయడం), పై పంటికి రూట్ రిసెక్షన్ (ఒక వేరు తీసేయడం), లేదా తీసేయడం. నీ 46 రీజనరేషన్‌కు పనికొచ్చే పన్నే, కానీ పొగ తాగేవాళ్ళలో ఆ ఫలితం బాగా తగ్గుతుంది, కాబట్టి "బీడీ మానితే, రీఎవాల్యుయేషన్‌లో 6 మిగిలితే" అని షరతు పెట్టి రాయి. ఆ షరతు చూస్తే నువ్వు ఆలోచించి రాశావని ఎగ్జామినర్‌కు తెలుస్తుంది.

మూసీ ఒడ్డు
సోమవారం, సాయంత్రం 7:10

నాకూ ఒక కేసు ఉంది అక్కా, ఇదే థ్రెడ్‌లో అడుగుతాను. 55 ఏళ్ళ ఆవిడ, బీపీకి మూడేళ్ళుగా ఆమ్లోడిపిన్. ముందు పళ్ళ మధ్య చిగురు గుండ్రంగా ఉబ్బింది, "నవ్వాలంటే సిగ్గయితాంది బిడ్డా" అంటోంది. పాకెట్ 6 మి.మీ. వచ్చింది. నేను స్టేజ్ 3 రాసి ఫ్లాప్ రాశాను, మేడమ్ తప్పన్నారు, ఎందుకో చెప్పే టైం లేకపోయింది.

జడ్చర్ల జంక్షన్
సోమవారం, సాయంత్రం 7:25

ఇది మందు వల్ల వచ్చిన చిగురు పెరుగుదల. జింజివెక్టమీ (పెరిగిన చిగురు కోసి తీయడం) రాసేయ్.

పెరియో అక్క
సోమవారం, రాత్రి 10:45

జడ్చర్లా, జబ్బు సరిగ్గా పట్టావు, చికిత్స తొందరపడ్డావు, పొద్దున దేవరకొండ అడిగిన తప్పే ఇది.

మూసీ, చిగురు అంచు సీఈజే (పంటి ఎనామిల్, వేరు కలిసే గీత) కన్నా ఎంత పైన ఉంది? 4 మి.మీ. అనుకుందాం. అప్పుడు 6లో 4 తీసేయాలి, అటాచ్‌మెంట్ లాస్ 2 మాత్రమే. రిసెషన్ ఉంటే కలపాలి, చిగురు ఉబ్బి పైకొస్తే తీసేయాలి. పాకెట్ ఒక్కదాన్నే చూసి స్టేజ్ వేయడం వల్ల పోయిన మార్కులు ఎన్నో. ఆ 2 కూడా పక్కపక్కన కాని రెండు పళ్ళ దగ్గర, పళ్ళ మధ్య ఉంటేనే పీరియడాంటైటిస్ అనాలి. ఎక్స్‌రేలో ఎముక బాగుంటే అది అబద్ధపు పాకెట్.

ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్ లాంటి బీపీ మందులు, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కిడ్నీ మార్పిడి తర్వాత వాడే సైక్లోస్పోరిన్, ఈ మూడు రకాలు గుర్తుంచుకోండి. చికిత్సలో మొదటిది బ్రషింగ్, స్కేలింగ్. రెండోది ఆమెకు బీపీ మందు రాస్తున్న డాక్టర్‌కు ఉత్తరం రాసి మార్చగలరా అని అడగడం. మనం మన చేత్తో ఆ మాత్ర ఆపమని చెప్పకూడదు, ఊళ్ళో ఆవిడ "పండ్ల డాక్టర్ బంద్ చెయ్యమన్నడు" అని ఆపేస్తే బీపీ ఎక్కడికి పోతుందో తెలియదు. కొన్ని నెలలు చూసి తగ్గకపోతే అప్పుడు కత్తి. ఎముక లోపం లేకుండా, గట్టి చిగురు కావలసినంత ఉంటే జింజివెక్టమీ. ఎముకను సరిచేయాల్సి ఉన్నా, గట్టి చిగురు తక్కువున్నా ఫ్లాప్. మందు మారకపోతే మళ్ళీ పెరగొచ్చని ముందే చెప్పాలి.

నీట్ రెండోసారి
మంగళవారం, ఉదయం 5:30

నీట్ ఎండీఎస్‌లో (దంతవైద్య పీజీ ప్రవేశ పరీక్ష) 240 ప్రశ్నలకు 3 గంటలు, అంటే ఒక్కోదానికి 45 సెకన్లు, తప్పుకు ఒక మార్కు పోతుంది. ఇంత తీరిగ్గా ఆలోచించే వీలుండదు, అందుకే ప్రోబ్ అంకెల వరుస చూడగానే ఆగే అలవాటు చేసుకున్నాను. 3, 3, 10, 3, 3 అని ఒక్కచోటే సన్నగా లోతుగా దిగితే అది మామూలు పీరియడాంటైటిస్ కాదు. పోయినసారి మాక్ టెస్ట్‌లో దీనికి జీటీఆర్ (పొర పెట్టి చేసే రీజనరేషన్ సర్జరీ) పెట్టి తప్పాను.

ముందు చూడాల్సింది పల్ప్ (పంటి లోపల నరం ఉండే గుజ్జు) బతికుందా అని. రూట్ కెనాల్ చేయని పన్ను, పల్ప్ చచ్చింది, నోట్లో మిగతా అంతా బాగుంది అంటే ఆ చీము వేరు చివరి నుంచి చిగురు దారిలో బయటికి వస్తోంది. రూట్ కెనాల్ చేసి కొన్ని నెలలు ఆగితే చాలాసార్లు పాకెట్ దానంతట అదే మూసుకుంటుంది, ముందే లోపల గీకితే అతుక్కోగలిగే నారలు పోతాయి. అదే ఎప్పుడో రూట్ కెనాల్ అయి పోస్ట్ (వేరు లోపల దించే కడ్డీ) పెట్టిన పన్ను, ఎక్స్‌రేలో వేరు పక్కన జె ఆకారంలో నలుపు, సన్న లోతు పాకెట్ అంటే వేరు నిలువునా చీలిందని అనుమానించాలి, ఒక వేరు పన్నైతే తీయడమే. పాకెట్ వెడల్పుగా ఉండి, నోరంతా జబ్బుండి, పల్ప్ కూడా చస్తే రెండూ కలిసిన కేసు, ముందు రూట్ కెనాల్, తర్వాత పెరియో.

పాలమూరు డాక్టర్
మంగళవారం, ఉదయం 8:40

అమ్మా నువ్వు రాసింది సరైందే. ఒక్కటి కలుపుతాను: పల్ప్ టెస్ట్ మోలార్లలో మోసం చేస్తుంది, ఒక వేరులో చచ్చి ఇంకో వేరులో బతికుండొచ్చు. పక్క పంటితోనూ, అవతలి వైపు అదే పంటితోనూ పోల్చి చూడండి.

చౌటుప్పల్ రోడ్
మంగళవారం, మధ్యాహ్నం 2:15

ఎవరూ ఫ్లోరోసిస్ మాట ఎత్తలేదు, మన నల్గొండ జిల్లాలో అది (నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు) లేకుండా కేసు ఉంటుందా. నేను క్యాంపులకు మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు తిరిగాను. బోరు నీళ్ళు తాగి పెరిగిన వాళ్ళ పళ్ళమీద గోధుమ రంగు మరకలు చూసి, మాతో వచ్చిన ఒకతను కేస్ షీట్‌లో "గార ++" అని రాసి స్కేలర్ పెట్టాడు. అరగంట గీకినా పోలేదు, పేషెంట్‌కు జివ్వుమనడమే మిగిలింది. ఆ మరక పన్ను తయారయ్యేటప్పుడే ఎనామిల్‌లో చేరింది, పైన పట్టింది కాదు. గార అయితే ఎక్కువగా చిగురు అంచున, కింది ముందు పళ్ళ నాలుక వైపు, పై మోలార్ల బుగ్గ వైపు ఉంటుంది, ప్రోబ్ మొన తగిలితే గరుకుగా మిట్టలా తెలుస్తుంది. ఫ్లోరోసిస్ మరక రెండు వైపులా జతగా, ఒకే కాలంలో తయారైన పళ్ళమీద ఒకేలా వస్తుంది. రెండూ ఉన్నవాళ్ళూ ఉంటారు, అప్పుడు రెండూ విడివిడిగా రాయండి. ఆ పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడతారు. "ఇది నువ్వు తోముకోక వచ్చింది కాదమ్మా, నీళ్ళ వల్ల వచ్చింది" అని ఒక్క మాట చెబితే వాళ్ళ ముఖం మారిపోతుంది. ఈ మాట పరీక్షలో ఎవరూ అడగరు గానీ చెప్పండి.

అచ్చంపేట అమ్మాయి
మంగళవారం, రాత్రి 9:00

17 ఏళ్ళ అమ్మాయి, ఇంటర్ చదువుతోంది. పాచి చాలా తక్కువ, చిగుళ్ళు చూడటానికి బాగున్నాయి, కానీ నాలుగు మొదటి మోలార్లు, ముందు పళ్ళ దగ్గర 7, 8 మి.మీ. పాకెట్లు, ఎక్స్‌రేలో నిలువు గుంటలు. పాత పుస్తకంలో లోకలైజ్డ్ అగ్రెసివ్. ఇప్పుడేమని రాయాలి? యాంటీబయాటిక్ రాయొచ్చా?

పెరియో అక్క
మంగళవారం, రాత్రి 11:05

పీరియడాంటైటిస్, స్టేజ్ 3, మోలార్ ఇన్‌సైజర్ పాటర్న్, గ్రేడ్ సి. విస్తృతి దగ్గర లోకలైజ్డ్, జనరలైజ్డ్‌తో పాటు ఈ మూడో పేరు ఉంచింది ఇలాంటి కేసులకే. పాచికీ నష్టానికీ పొంతన లేకపోవడం కూడా గ్రేడ్ సి గుర్తు, అది మాటల్లో రాయి.

యాంటీబయాటిక్ రాయొచ్చు, ఈ థ్రెడ్‌లో వచ్చిన కేసుల్లో దానికి సరైన చోటు ఇదే. అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ కలిపి 7 రోజులు, కానీ రూట్ ప్లేనింగ్‌తో కలిపి, దాని బదులు కాదు. గీకకుండా మందు ఒక్కటే ఇస్తే వేరు మీద పొరలా పట్టిన బ్యాక్టీరియాకు అది అందదు. పెన్సిలిన్ పడుతుందా అని అడగాలి, మెట్రోనిడజోల్ వాడినన్నాళ్ళు కల్లు, మందు ముట్టొద్దని పెద్దవాళ్ళకైతే గట్టిగా చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ అమ్మాయి తమ్ముడినీ చెల్లెలినీ కూడా రమ్మను. ఇది ఇళ్ళల్లో నడుస్తుంది, చిన్నగా ఉన్నప్పుడు పట్టుకుంటే ఆ పళ్ళు దక్కుతాయి.

దేవరకొండ పోరడు
బుధవారం, రాత్రి 10:20

మళ్ళీ రాశాను, చూడండి.

డయాగ్నోసిస్: జనరలైజ్డ్ పీరియడాంటైటిస్, స్టేజ్ 4, గ్రేడ్ సి, రోజుకు 15 బీడీలు, షుగర్ తెలియదు, పరీక్ష చేయించాలి. ప్లాన్: ముందు బీడీ గురించి మాట్లాడటం, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష), బ్రష్ పట్టుకోవడం చేతిలో పెట్టి నేర్పడం, పైపై స్కేలింగ్, కింది ముందు పళ్ళకు తాత్కాలిక స్ప్లింట్, తర్వాత క్వాడ్రంట్ల (నోటిలో నాలుగో వంతు భాగాల) వారీగా రూట్ ప్లేనింగ్. 6 వారాలకు రీఎవాల్యుయేషన్. 46లో 6 మిగిలి, బీడీ మానితే ఫ్లాప్ లేపి రీజనరేషన్; మానకపోతే మళ్ళీ రూట్ ప్లేనింగ్, దగ్గరగా చూడటం. జబ్బు అదుపులోకి వచ్చాక 31 స్థానంలో పన్ను, పై సందు సంగతి. 3 నెలలకోసారి మెయింటెనెన్స్.

ఒక తప్పు ఒప్పుకోవాలి, నేను వాడింది విలియమ్స్ ప్రోబ్, దానిమీద 4, 6 గీతలు ఉండవు, 3 తర్వాత 5, 5 తర్వాత 7. నా 6లు అంచనాలే. మళ్ళీ యూఎన్‌సీ 15 (ప్రతి మి.మీ.కు గీత ఉండే ప్రోబ్) తో కొలవాలి.

పెరియో అక్క
బుధవారం, రాత్రి 10:50

బాగుంది. ఫర్కేషన్ గ్రేడ్ 2 ఎవరి వర్గీకరణ ప్రకారమో రాయి, గ్లిక్‌మాన్ అయితే గ్లిక్‌మాన్, హాంప్ అయితే హాంప్, నేబర్స్ ప్రోబ్‌తో (ఫర్కేషన్ చూసే వంపు ప్రోబ్) చూశానని కూడా. హెచ్‌బీఏ1సీ 7 దాటినా గ్రేడ్ మారదు, ఇప్పటికే సి, కానీ చికిత్స మారుతుంది. ఆ పేషెంట్ ఫోన్ నంబర్ ఉందా నీ దగ్గర?

దేవరకొండ పోరడు
తర్వాతి శుక్రవారం, సాయంత్రం 6:30

కేస్ షీట్‌లో నంబర్ ఉంది అక్కా, ఫోన్ చేసి రమ్మన్నాను. పరీక్ష కోసం పిలిచారనుకుని ముందు రానన్నాడు, డబ్బులేమీ అక్కర్లేదు, రక్తం చూద్దామన్నాక వచ్చాడు. హెచ్‌బీఏ1సీ 8.4. షుగర్ ఉందని ఆయనకే తెలియదు. కాలి పుండు ఒకటి రెండు నెలలుగా మానడం లేదట, ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదన్నాడు. మెడిసిన్ ఓపీకి నేనే తీసుకెళ్ళి చూపించాను, మాత్రలు మొదలుపెట్టారు, పుండుకు సర్జరీ వాళ్ళు కట్టు కట్టారు.

యూఎన్‌సీ 15తో మళ్ళీ కొలిస్తే 46లో 7, 36లో 6. ఫ్రెమిటస్ 11, 21 (పై మధ్య పళ్ళు) రెండింటికీ ఉంది. పై స్కేలింగ్ అయింది, పళ్ళు కాస్త వదులుగా అనిపిస్తాయని సార్ చెప్పినట్టే ముందే చెప్పాను. బీడీలు ఇప్పటికి 15 నుంచి 6కు వచ్చాయంటున్నాడు. సోమవారం కింది కుడివైపు క్వాడ్రంట్ మొదలుపెడుతున్నాను.